ఆఖరి ఎనిమిది సీట్లు

గాల్లోకి లేచాక అది విమానమే. కానీ 72 సీట్లు, గంట ప్రయాణం, రోజుకు ఎనిమిది ట్రిప్పులు... నేల మీది నుంచి చూస్తే చిన్న ఊళ్లకు తిరిగే విమానం ఆర్టీసీ సూపర్‌ లగ్జరీకి రెక్కలు తొడిగినట్టే ఉంటుంది. మరి అలాంటి సర్వీసులు నడిపే సంస్థలు ఆర్భాటంగా మొదలై, నాలుగేళ్లకో ఆరేళ్లకో చడీచప్పుడు లేకుండా ఎందుకు ఆగిపోతాయి? విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో ఎగిరిన ఎయిర్‌ కోస్తా 2017 ఫిబ్రవరిలో దిగిపోయింది. హైదరాబాద్‌ కేంద్రంగా 2015 జులైలో బయల్దేరిన ట్రూజెట్‌ 2022 ఫిబ్రవరిలో ఆగింది. బెంగళూరు నుంచి మొదలైన ఎయిర్‌ పెగాసస్‌ అయితే రెండో ఏడు కూడా నిండలేదు. 2015 ఏప్రిల్‌లో మొదలు, 2016 జులైలో ఆఖరు.

యాజమాన్యాలకు తెలివి లేకనా? జనం ఎక్కకనా? సగం ఖాళీగా తిరిగితే మునగడంలో వింత లేదు. ముప్పాతిక సీట్లు నిండినా ఎందుకు మునుగుతాయన్నదే అసలు చిక్కు. కాగితం, పెన్సిలు ఉంటే చాలు. కూడిక, భాగహారం వచ్చిన ఎవరైనా ఈ లెక్క వేయొచ్చు.

మూడు విమానాల కంపెనీ

లెక్క కోసం ఓ ఊహాసంస్థను నిలబెడదాం. హైదరాబాద్‌ కేంద్రం. చేతిలో మూడు ఏటీఆర్‌-72 విమానాలు. ఆరు రెక్కల పంకాలు రెండు తిప్పుకుంటూ వెళ్లే రకం ఇవి. జెట్‌ కన్నా నెమ్మది, ఇంధనం మాత్రం బాగా ఆదా. కడప, రాజమహేంద్రవరం, తిరుపతి లాంటి ఊళ్లకు నడుపుతుంది. ఇక్కడ వేసే అంకెలన్నీ గుండ్రంగా పట్టుకున్న ఉజ్జాయింపులే. ఏ కంపెనీ ఖాతా పుస్తకంలోవీ కావు. ఒక విమానానికి, ఒక నెలకి లెక్క చూద్దాం. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తే ఒక ట్రిప్పు.

మొదటి పద్దు అద్దె. చిన్న సంస్థలు విమానాలు కొనవు, విదేశీ కంపెనీల నుంచి అద్దెకు తెచ్చుకుంటాయి. నెలకు కోటి రూపాయలు అనుకుందాం. ఇల్లు అద్దెకు తీసుకున్నట్టే మూడు నెలల అడ్వాన్సు ముందే కట్టాలి. ఇంటికీ దీనికీ తేడా ఒక్కటే, ఈ అద్దె డాలర్లలో ఉంటుంది.

రెండోది సిబ్బంది. విమానంలో కనిపించేది ఇద్దరు పైలట్లు, ఇద్దరు ఎయిర్‌హోస్టెస్‌లు. కానీ జీతాల రిజిస్టర్లో ఒక్కో విమానానికి ఐదుగురు కెప్టెన్లు, ఐదుగురు ఫస్ట్‌ ఆఫీసర్లు, పదిమంది క్యాబిన్‌ సిబ్బంది ఉండాలి. పైలట్‌ ఏడాదికి వెయ్యి గంటలకు మించి ఎగరకూడదు. వారానికి 48 గంటల విశ్రాంతి ఇవ్వాలి. సెలవులుంటాయి, సిమ్యులేటర్‌ పరీక్షలుంటాయి. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు సిద్ధంగా ఉండాలి. ఇందులో పిసినారితనం చేస్తే ఏమవుతుందో 2025 డిసెంబరులో దేశమంతా చూసింది. కొత్త విశ్రాంతి నిబంధనలకు తగ్గట్టు పైలట్లను సిద్ధం చేసుకోక దేశంలోకెల్లా పెద్ద సంస్థ ఇండిగోయే వేల విమానాలు రద్దు చేసుకుంది. మన మూడు విమానాల కంపెనీకి అంత దెబ్బ తగిలితే లేవడమే కష్టం. సిబ్బంది జీతాలకు నెలకు 37 లక్షలు వేసుకుందాం.

మూడోది మిగతా స్థిర ఖర్చులన్నీ... బీమా, ఇంజినీర్ల జీతాలు, విమానాశ్రయాల్లో కౌంటర్ల అద్దె, ఆఫీసు, టికెట్లు అమ్మే సాఫ్ట్‌వేర్‌, ప్రకటనలు. ఇవన్నీ కలిపి 50 లక్షలు.

మొత్తం కోటీ 87 లక్షలు. విమానం ఒక్కసారి కూడా గాల్లోకి లేవకపోయినా నెల తిరిగేసరికి కట్టాల్సిన సొమ్ము ఇది. ఏనుగును కొనడం కాదు, మేపడం కష్టమని ఊరికే అనలేదు పెద్దలు!

ఇక ఎగిరితే అయ్యే ఖర్చు. గంట ప్రయాణానికి దాదాపు 800 లీటర్ల ఇంధనం. లీటరు 90 రూపాయలు వేసుకుంటే 72 వేలు. తర్వాత మరమ్మతుల నిధి. ఇంజిన్లు ఇన్ని గంటలకు విప్పి బాగు చేయాలని లెక్క ఉంటుంది. పంకాలకూ ఉంటుంది. టైర్లకు, బ్రేకులకు, చక్రాల సరంజామాకు మాత్రం గంటలతో పనిలేదు, ఎన్నిసార్లు దిగిందన్నదే లెక్క. దూరప్రయాణాల విమానం రోజుకు మూడుసార్లు దిగితే, గంటకో ఊరు తిరిగే ఏటీఆర్‌ ఎనిమిదిసార్లు దిగుతుంది. అరుగుదల దానికే ఎక్కువ. అందుకోసం ఎగిరిన ప్రతి గంటకూ కొంత పక్కన పెట్టాలి. అదో 50 వేలు, ఇది కూడా డాలర్లతో ముడిపడిందే. సామాన్లు ఎక్కించి దించడానికి, ఆకాశంలో దారి చూపినందుకు, ప్రయాణికుడికిచ్చే మంచినీళ్లకు... అన్నీ కలిపి 16 వేలు. వెరసి ట్రిప్పుకు లక్షా 38 వేలు.

విమానం రోజుకు ఎనిమిది ట్రిప్పులు తిరుగుతుంది. తనిఖీలకు, మరమ్మతులకు ఆగే రోజులు పోను నెలకు 220 ట్రిప్పులు అనుకుంటే, కోటీ 87 లక్షల స్థిర ఖర్చులో ఒక్కో ట్రిప్పు వాటా 85 వేలు. లక్షా 38 వేలకు అది కలిపితే ట్రిప్పు ఖర్చు 2 లక్షల 23 వేలు.

ఇప్పుడు రాబడి వైపు చూద్దాం. ప్రయాణికుడు టికెట్‌కు 4,500 కట్టాడనుకోండి. అందులో విమానాశ్రయం వసూలు చేసే యూజర్‌ డెవలప్‌మెంట్‌ ఫీజు, భద్రతా రుసుము, 5 శాతం జీఎస్టీ, ఏజెంటు కమిషన్‌ పోగా సంస్థ చేతికి 3,500 చిక్కుతాయనుకుందాం. 2 లక్షల 23 వేలను 3,500తో భాగిస్తే 63.7 వస్తుంది. అంటే 72 సీట్లలో 64 నిండితే అసలు వస్తుంది. లాభమనేది ఉంటే గింటే ఆఖరి ఎనిమిది సీట్లలోనే ఉంది.

ఆర్టీసీ భాషలో చెప్పాలంటే ఓఆర్‌ 89 శాతం ఉంటే నష్టం లేదు. మూడు విమానాలు, ప్రతి రోజు, ప్రతి ట్రిప్పు, ఆషాఢంలోనూ పరీక్షల కాలంలోనూ 89 శాతం! విమానం నిండుగా 72 మందితో ఎగిరినా మిగిలేది 29 వేలు. 58 మందితో, అంటే 80 శాతంతో ఎగిరితే 20 వేలు పోతుంది. చూసేవాళ్లకు మాత్రం విమానం కిటకిటలాడుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

నలభై ఐదు మందితో ఎందుకు ఎగురుతుంది?

అన్ని సీట్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆ ట్రిప్పు రద్దు చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. 45 మంది ఎక్కితే రాబడి లక్షా 57 వేల 500. ట్రిప్పు పూర్తి ఖర్చుతో పోలిస్తే 65 వేలకు పైగా నష్టం. కానీ విమానాన్ని ఆపేస్తే మిగిలేది ఇంధనం, మరమ్మతు, దింపుడు ఖర్చుల లక్షా 38 వేలే. స్థిర ఖర్చు వాటా 85 వేలు నెత్తిన అలాగే ఉంటుంది. ఎగిరితే 65 వేలు, ఆగితే 85 వేలు. అందుకే ఎగురుతుంది. ఈ లెక్కలో గీత 40 మంది దగ్గర ఉంది. అంతకన్నా తక్కువైతే ఎగిరినకొద్దీ అదనపు నష్టం.

ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. ఆపితే ఎక్కువ పోతుంది గనక నడుపుతూనే ఉంటారు. అసలు వ్యాపారమే నష్టంలో ఉందన్న సంగతి రోజువారీ లెక్కలో కనబడదు. పైగా టికెట్‌ డబ్బు ముందే వస్తుంది. వచ్చే నెల ప్రయాణానికి ఈ నెలలో కట్టిన సొమ్ముతో పోయిన నెల ఇంధనం బిల్లు కట్టేయొచ్చు. కొంతకాలం బండి సాఫీగానే నడుస్తుంది. బుకింగులు ఒక్క నెల తగ్గాయా... ఇంధనం కంపెనీ రొక్కం పెడితేనే ట్యాంకు నింపుతానంటుంది. అద్దెకిచ్చినవాడు విమానం తాళాలు అడుగుతాడు. జీతాలు ఆలస్యమవుతాయి, పైలట్లు మరో సంస్థకు వెళ్తారు, ట్రిప్పులు రద్దవుతాయి, రద్దయ్యాయని జనం కొనడం మానేస్తారు. పెద్దదైనా చిన్నదైనా మూతబడిన సంస్థలు చాలావరకు ఇదే వరసలో మెట్లు దిగాయి.

టికెట్‌ ధర ఒకరోజు 2 వేలు, ఇంకోరోజు 7 వేలు ఎందుకుంటుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. సంతలో పొద్దుపోయాక మిగిలిన టమాటాలు పారబోయాల్సిందే. విమానం తలుపు పడ్డాక ఖాళీ సీటు సంగతీ అంతే, రేపటికి దాచి అమ్ముకోలేరు. నెల ముందు కొనేవారికి చౌకగా ఇచ్చి సీట్లు నింపుతారు. తెల్లారితే ఆస్పత్రికో ఇంటర్వ్యూకో చేరాల్సినవాడి దగ్గర గట్టిగా తీసుకుంటారు. సంస్థకు కావాల్సింది సగటున 3,500. ఆ 7 వేలు చూసి తిట్టుకునే ప్రయాణికుడు, పక్క సీటులోని 2 వేల టికెట్‌ భారాన్ని కూడా మోస్తున్నాడన్నమాట.

పోనీ సగటునే పెంచేస్తే? చేతికి 3,800 వస్తే 59 సీట్లకే అసలు వచ్చేస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ కడప మనిషికి రాత్రి బస్సుంది, వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌ ఉంది. భోంచేసి ఎక్కి పడుకుంటే పొద్దున్నే హైదరాబాద్‌. టికెట్‌ మీద 300 పెంచితే ఐదుగురు తగ్గినా ఫర్వాలేదు. పదిమంది తగ్గితేనే మొదటికి మోసం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఎనిమిది కాస్తా ఆరైతే

ఈ వ్యాపారంలో అన్నిటికన్నా బలమైన అంకె టికెట్‌ ధర కాదు, ఇంధనం ధర కూడా కాదు. విమానం రోజుకు ఎన్నిసార్లు ఎగిరిందన్నది.

పై లెక్కలో ఎనిమిది ట్రిప్పులు వేసుకున్నాం. అది ఆరుకు పడిపోయిందనుకోండి. నెలకు 165 ట్రిప్పులు. అద్దె తగ్గదు, జీతాలు తగ్గవు. అదే కోటీ 87 లక్షలను 165తో భాగిస్తే ట్రిప్పుకు లక్షా 13 వేల చిల్లర. ఎగిరే ఖర్చు కలిపితే 2 లక్షల 51 వేల పైచిలుకు. నిండు విమానం, 72 మంది, తలా 3,500... మొత్తం 2 లక్షల 52 వేలు. అంటే ఒక్క సీటు కూడా ఖాళీ లేకుండా నెలంతా నడిపితే ట్రిప్పుకు మిగిలేది ఏడొందల లోపు!

ఆరుకు పడిపోవడానికి పెద్ద ఉత్పాతాలేమీ జరగక్కర్లేదు. చలికాలం పొగమంచు చాలు. తెల్లవారుజామున ఆరున్నరకు లేవాల్సిన విమానం తొమ్మిదికి లేస్తే సాయంత్రానికి రెండు ట్రిప్పులు ఎగిరిపోతాయి. చిన్న విమానాశ్రయంలో రాత్రి దిగే సదుపాయం లేకపోతే, పొద్దుగూకాక ఆ ఊరికి వెళ్లడానికి లేదు. ఒక విడిభాగం విదేశం నుంచి రావాలంటే మూడు రోజులు నేల మీదే. నూరు విమానాలున్న సంస్థకు ఒకటి ఆగితే నూటికి ఒకటి. మూడున్న సంస్థకు మూడో వంతు వ్యాపారం ఆగినట్టు. ఆ రోజు టికెట్‌ కొన్నవాళ్లు ఇంకోసారి కొనేముందు ఆలోచిస్తారు, ఆ నష్టం ఏ పద్దులోనూ కనబడదు.

ఇంధనం సంగతికొస్తే, మన లెక్కలో అది మూడో వంతు ఖర్చు. లీటరుకు 20 రూపాయలు పెరిగితే ట్రిప్పుకు 16 వేలు అదనం. అసలు రావాలంటే 64 కాదు, 69 సీట్లు నిండాలి. ఇది గాల్లో మేడ కాదు. 2022 జూన్‌లో ఢిల్లీలో విమాన ఇంధనం కిలోలీటరు లక్షా 41 వేలకు చేరింది. లీటరు 141 రూపాయలన్నమాట. దీని మీద అమ్మకం పన్ను రాష్ట్రానికో తీరు, 1 శాతం నుంచి 29 శాతం దాకా. విమాన ఇంధనం ఇప్పటికీ జీఎస్టీలోకి రాలేదు. చిన్న విమానాలకు కొంత ఊరట ఉంది. పంకాల విమానాల ఇంధనంపై రాష్ట్రాలు వేసే పన్నుకు కేంద్ర చట్టంలో పరిమితి పెట్టారు. 80 సీట్ల లోపు విమానాలకు ఎయిర్‌పోర్ట్స్‌ అథారిటీ ల్యాండింగ్‌ రుసుము మినహాయించింది. స్పైస్‌జెట్‌ 2011లో హైదరాబాద్‌ కేంద్రంగా తెచ్చిన బొంబార్డియర్‌ క్యూ-400లోనూ, ఇండిగో 2017లో తెచ్చిన ఏటీఆర్‌లోనూ సరిగ్గా 78 సీట్లే ఉండటం గమనించాల్సిన సంగతి.

రూపాయి సంగతి ఇంకా గమ్మత్తు. కడప నుంచి హైదరాబాద్‌ వెళ్లే ప్రయాణికుడికి డాలరుతో పనేముంది? కానీ సంస్థ నెల అద్దె కోటి, మరమ్మతుల నిధి కోటీ పది లక్షలు రెండూ డాలర్లలోనే లెక్క. రూపాయి విలువ 5 శాతం తగ్గితే ఒక్కో విమానం మీద నెలకు పదిన్నర లక్షలు ఎగిరిపోతాయి. టికెట్లేమో రూపాయల్లో అమ్ముకోవాలి.

మరి సంక్రాంతికి బాగా సంపాదిస్తారు కదా! రాజమహేంద్రవరం వెళ్లే విమానంలో భోగి ముందు రోజు సీటు దొరకదు, నిజమే. అదే విమానం తిరిగి హైదరాబాద్‌ వచ్చేటప్పుడు ఎక్కేదెవరు? పండక్కి ఊరొదిలి పట్నం వచ్చేవాళ్లుండరు. వెళ్లేటప్పుడు 72, వచ్చేటప్పుడు 20. కలిపి సగటు చూస్తే 46. ఆర్టీసీ ప్రత్యేక బస్సులకు ఛార్జీలు పెంచినప్పుడు చెప్పే కారణం కూడా ఇదే. పండగ టికెట్‌ ధర చూసి గుండెలు బాదుకుంటాం గానీ, అందులో తిరుగు ప్రయాణపు ఖాళీ సీటు ధర కూడా కలిసి ఉంటుంది.

సర్కారు ఊతకర్ర

2017 ఏప్రిల్‌ 27న ప్రధాని నరేంద్ర మోదీ సిమ్లాలో జెండా ఊపి ‘ఉడాన్‌’ విమానాలను ప్రారంభించారు. అదే రోజు కడప-హైదరాబాద్‌, నాందేడ్‌-హైదరాబాద్‌ మార్గాల్లో ట్రూజెట్‌ సర్వీసులు మొదలయ్యాయి. సుమారు 500 కిలోమీటర్లకు, అంటే గంట ప్రయాణానికి 2,500 మించకూడదని పరిమితి. విమానంలో సగం సీట్లు ఆ ధరకు ఇవ్వాలి. వచ్చే నష్టాన్ని మూడేళ్ల పాటు ప్రభుత్వం పూడుస్తుంది. ఆ మార్గంలో అన్నేళ్లూ పోటీ ఉండదు. నష్టం పూడ్చే డబ్బులో కొంత రాష్ట్రం ఇస్తుంది. మిగతాది పెద్ద నగరాల మధ్య తిరిగే జెట్‌ విమానాలపై వేసిన సుంకం నుంచి వస్తుంది. ఢిల్లీ, ముంబయి ప్రయాణికుడి జేబులోంచి కడప ప్రయాణికుడికి కొంత సాయం అందిందన్నమాట.

మన లెక్కలో దీన్ని పెట్టి చూద్దాం. 36 సీట్లు 2,500 చొప్పున, మిగతా సగంలో 22 సీట్లు 3,500 చొప్పున అమ్ముడయ్యాయనుకుంటే రాబడి లక్షా 67 వేలు. ఖర్చు 2 లక్షల 23 వేలు. తేడా 56 వేలు. దాన్ని 36 సీట్లకు పంచితే సీటుకు 1,550 రూపాయలు సర్కారు ఇస్తే సరికి సరి. ఇంధనం పన్ను, విమానాశ్రయ రుసుముల రాయితీలు కలిస్తే ఇంకాస్త తగ్గుతుంది. బండి నడుస్తుంది. మూడేళ్లలో ఊరి జనానికి విమానం అలవాటై, ఆ తర్వాత ఊతకర్ర లేకుండా నడుస్తుందన్నది ఆశ.

కడపలో ఆ మూడేళ్లు తిరిగేసరికి 2020 ఏప్రిల్‌. అప్పటికి దేశమంతా లాక్‌డౌన్‌. మార్చి 25 నుంచి మే 25 దాకా దేశీయ విమానాలే లేవు. గోరుచుట్టు మీద రోకటిపోటు. అద్దెలు, జీతాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

అన్నీ కొవిడ్‌ మీదికే తోసేయడం కూడా సరికాదు. తొలి విడత ఉడాన్‌లో ఇచ్చిన 128 మార్గాల్లో 84 రెండే సంస్థలు దక్కించుకున్నాయి. ఎయిర్‌ ఒడిశాకు 50, కొత్తగా పునరుద్ధరించిన ఎయిర్‌ డెక్కన్‌కు 34. వాళ్లు తెచ్చినవి పద్దెనిమిది, పందొమ్మిది సీట్ల బుల్లి విమానాలు. వాటిలో చాలా మార్గాలు మొదలు కాకుండానో మధ్యలోనో రద్దయ్యాయి. లెక్క ఇక్కడ మరీ క్రూరం. విమానం చిన్నదైనా పైలట్లు ఇద్దరే ఉండాలి, ఒక్కరితో కుదరదు. ఇద్దరి జీతాన్ని 180 సీట్ల ఎయిర్‌బస్‌ 180 మందికి పంచుతుంది, ఏటీఆర్‌ 72 మందికి, ఇది 19 మందికి. బీమాకైనా ఇంజినీర్‌కైనా అదే తంతు. బుల్లి విమానంలో ట్రిప్పు చవక, సీటు ఖరీదు. కాగ్‌ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఉడాన్‌ తొలి మూడు విడతల్లో కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తిచేసినవి 112. మూడేళ్ల తర్వాత కూడా, 2023 మార్చి నాటికి, సొంత కాళ్ల మీద నిలబడినవి 54.

సినిమా తర్వాత కథ

‘ఆకాశం నీ హద్దురా’ చూసినవారికి ఎయిర్‌ డెక్కన్‌ కథ కొంత తెలుసు. సుధ కొంగర తీసిన ఆ 2020 సినిమాకు ఆధారం మాజీ సైనికాధికారి కెప్టెన్‌ గోపీనాథ్‌ జీవితం. హాసన్‌ దగ్గర వ్యవసాయం చేసి, హెలికాప్టర్ల కంపెనీ పెట్టి, 2003లో చవక విమానాలు మొదలుపెట్టారాయన. తొలి విమానాలు 48 సీట్ల ఏటీఆర్‌-42లు. రూపాయి టికెట్‌ పెట్టి దేశాన్ని ఆశ్చర్యపరిచింది ఆ సంస్థే. విమానమంటే డబ్బున్నవాళ్లదే అన్న మాటను చెరిపేసింది కూడా అదే. సినిమా గెలుపు దగ్గర ఆగింది. అసలు కథ మాత్రం ఇంకా ముందుకెళ్లింది. నష్టాలు తట్టుకోలేక 2007లో వాటా యూబీ గ్రూపుకు అమ్మాల్సి వచ్చింది, మరుసటి ఏడు కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. 2012 అక్టోబరులో ఆ కింగ్‌ఫిషరూ నేలకు దిగింది. రెక్కల గుర్రం మీద అందరినీ ఎక్కించిన సంస్థకు మేతకు డబ్బు చాల్లేదు.

ఎయిర్‌ కోస్తా వేరే దారి పట్టింది. పంకాల విమానాలు కాదని బ్రెజిల్‌ ఎంబ్రాయర్‌ జెట్‌లు తెచ్చింది, 67 సీట్లవీ 112 సీట్లవీ. 2014 ఫిబ్రవరిలో సింగపూర్‌ ఎయిర్‌షోలో ఏకంగా 50 కొత్త జెట్‌లకు ఆర్డరు పెట్టింది. జాబితా ధర ప్రకారం దాదాపు 300 కోట్ల డాలర్లు. చేతిలో ఉన్న విమానాలేమో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. జెట్‌కు వేగం ఉంది, దూరం ఉంది, ప్రయాణికుడికి దాని మీద మోజూ ఉంది. కానీ గంట ప్రయాణంలో ఆ వేగం పది, పదిహేను నిమిషాలు కలిసొస్తే గొప్ప. ఇంధనం మాత్రం గట్టిగా తాగుతుంది. అంత ఖర్చుకు పెట్టుబడి పెట్టేవారు దొరక్క, చివరికి ఉన్నవి కూడా ఆగిపోయాయి.

కడపకు మాత్రం విమానం మళ్లీ వచ్చింది. ట్రూజెట్‌ ఆగిన మరుసటి నెలే, 2022 మార్చిలో, రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఇండిగో ఏటీఆర్‌లు నడపడం మొదలుపెట్టింది. విమానం అదే రకం. దూరం అదే, ప్రయాణికులూ వాళ్లే. మరి దానికెలా కుదిరింది? కడపలో ఎక్కిన మనిషి హైదరాబాద్‌లో దిగి ఢిల్లీకో కోల్‌కతాకో అదే సంస్థ విమానం ఎక్కుతాడు. కడప ట్రిప్పులో పోయిన వెయ్యి ఢిల్లీ ట్రిప్పులో తిరిగి రావచ్చు. ఇంజినీర్లు, విడిభాగాలు, కౌంటర్లు పదుల విమానాలకు కలిపి ఉంటాయి. ఒక ఏటీఆర్‌ ఆగితే ఇంకోటి వస్తుంది. మూడు విమానాల సంస్థకు కడప మార్గం కడప మార్గమే, అది తన తిండి తాను సంపాదించుకోవాలి.

అయినా కొత్తవాళ్లు రావడం ఆగలేదు. 2019లో స్టార్‌ ఎయిర్‌ 50 సీట్ల జెట్‌లతో మొదలైంది. తర్వాత 76 సీట్ల విమానాలు తెచ్చి, అందులో 12 బిజినెస్‌ తరగతి సీట్లు పెట్టి, కొందరి దగ్గరైనా ఎక్కువ వసూలు చేసే దారి చూసుకుంది. 2024 మార్చిలో గోవా కేంద్రంగా ఫ్లై91 ఏటీఆర్‌లతో ఎగిరింది, పెద్ద సంస్థలు వెళ్లని ఊళ్లను ఏరుకుంటూ. 2025 కేంద్ర బడ్జెట్‌లో ఉడాన్‌ కింద వచ్చే పదేళ్లలో మరో 120 గమ్యాలు కలుపుతామని ప్రకటించారు.

ఉడాన్‌ మార్గాలు వేలంలో ఇస్తారు. సీటుకు తక్కువ సాయం అడిగినవారిదే మార్గం. మన ఊహాసంస్థ నిజాయతీగా లెక్కవేసి 1,550 రాస్తుంది. పక్క టేబుల్‌ దగ్గర ఇంకొకరు 1,000 రాసి మార్గం పట్టుకుపోతారు. అప్పుడు 36 సీట్లకు వచ్చేది 36 వేలు, కావాల్సింది 56 వేలు. తేడా 20 వేలు, నెలకు 220 ట్రిప్పులు, 44 లక్షలు. ఇదంతా ఒక్క విమానానికే.